నలభై మూడు నిమిషాలు నిలబడిన దేవకుమారి గారు

దేవకుమారి గారు ఎవరింటికి వెళ్లినా, ఏ ఆఫీసుకి వెళ్లినా, ఎదుటివాళ్లు కూర్చోమంటేనే కూర్చుంటారు.

ఈ అలవాటు పుట్టుపూర్వోత్తరాలను చరిత్రకారులు ఇంతవరకూ పట్టించుకోలేదు. రాజ్యాలు ఎలా లేచాయో, ఎలా కూలాయో వేల పేజీలు రాశారు. ఎవరు ఎవరిని కూర్చోమన్నారు, ఎవరు అనలేదు అన్న సంగతి మాత్రం ఎక్కడా నమోదు చెయ్యలేదు. చాలా యుద్ధాలు అక్కడే మొదలై ఉంటాయని దేవకుమారి గారి నమ్మకం. మిగతా యుద్ధాల మాట ఎలా ఉన్నా, న్యూజెర్సీలోని ఎల్మ్ వ్యాలీ కమ్యూనిటీ కాలేజీలో పదేళ్లు నడిచిన యుద్ధం మటుకు కచ్చితంగా అక్కడే మొదలైంది. యుద్ధం జరుగుతున్నట్టు అవతలి పక్షానికి తెలియదు. అది వేరే సంగతి.

అలవాటుకి మూలం నరసాపురం. దేవకుమారి గారి తండ్రి బొల్లవరపు యేసుపాదం మాస్టారు అక్కడ మిషన్ స్కూల్లో హెడ్మాస్టరు. వాళ్ల వసారాలో నాలుగు కుర్చీలుండేవి. వాటికో రాజ్యాంగం ఉండేది. వచ్చినవాళ్లు నిలబడాలి. మాస్టారు "కూర్చోండి" అనాలి. వచ్చినవాళ్లు "పర్లేదండి" అనాలి. మాస్టారు రెండోసారి అనాలి. అప్పుడు వచ్చినవాళ్లు కుర్చీ అంచున, కిందపడకుండా ఉండటానికి ఎంత మేర అవసరమో అంత మేర మాత్రమే ఆనుకోవాలి. మాస్టారు రెండోసారి అనలేదంటే ఆ మనిషి ఆయనకి గిట్టడని సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయేది. అసలు ఒక్కసారి కూడా అనకపోవడమనేది దేవకుమారి గారి చిన్నతనంలో జరగలేదు. ఒకసారి ఇన్సూరెన్సు ఏజెంటొకడు తనంతట తానే కూర్చున్నాడు. మాస్టారు అతన్ని పల్లెత్తు మాట అనలేదు. కాఫీ ఇచ్చి, పంపించి, కుర్చీ కడిగించారు.

ఇలాంటి ఇంట్లో పెరిగిన మనిషి వాల్తేరులో ఇంగ్లీషు ఎం.ఏ. చేసి, ఆరేళ్లు ఆడపిల్లల కాలేజీలో పాఠం చెప్పి, 1976లో భర్త ప్రేమానందం గారి వెంట న్యూజెర్సీలోని పార్సిప్పనీ అనే ఊరికి వచ్చారు. ఆయన మందుల కంపెనీలో కెమిస్టు. రెండేళ్లు అపార్ట్‌మెంట్ కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూశాక, 1978 సెప్టెంబరులో దేవకుమారి గారు పేపర్లో ఒక గుమాస్తా ఉద్యోగం ప్రకటన చూసి, పట్టుచీర కట్టుకుని ఎల్మ్ వ్యాలీ కాలేజీకి ఇంటర్వ్యూకి వెళ్లారు.

కమ్యూనిటీ కాలేజీ అంటే రెండేళ్ల చదువు. గుమ్మం దగ్గర ఎవరినీ ఆపరు. పగలు గ్యాస్ స్టేషన్‌లో పనిచేసి సాయంత్రం క్లాసుకొచ్చేవాళ్లు, పిల్లలు పెద్దయ్యాక ఆగిపోయిన చదువు గుర్తొచ్చిన తల్లులు, వియత్నాం నుంచి తిరిగొచ్చి ఏంచెయ్యాలో తోచని మాజీ సైనికులు, అందరూ అక్కడికే వస్తారు. వాళ్లందరి పేర్లూ రాసుకునే ఆఫీసుకి అధిపతి రిజిస్ట్రార్ రాల్ఫ్ టిల్మన్. ఇంటర్వ్యూ చేసింది అతనే.

"హాయ్! కమిన్, కమిన్," అన్నాడు టిల్మన్.

దేవకుమారి గారు లోపలికొచ్చారు. బల్ల ముందు నారింజరంగు ప్లాస్టిక్ కుర్చీలు రెండున్నాయి. రెండూ ఖాళీయే. టిల్మన్ ఆవిడ సర్టిఫికెట్లు తిరగేశాడు. ఏ ఊరన్నాడు. అక్కడ ఎండలెలా ఉంటాయన్నాడు. టైపింగ్ వచ్చా అన్నాడు. మధ్యలో ఫోన్ వస్తే తన కారు సైలెన్సరు గురించి పదకొండు నిమిషాలు మాట్లాడాడు. కూర్చోమని మాత్రం అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. ఆవిడ ఫైలు గుండెలకి అదుముకుని నలభై మూడు నిమిషాలు నిలబడ్డారు. అతని తల వెనక గోడగడియారం ఉండబట్టి ఈ అంకె విషయంలో అనుమానానికి తావులేదు.

చివరికి టిల్మన్ లేచి చెయ్యి చాచాడు. "మండే నుంచి వచ్చెయ్యండి."

ఉద్యోగం దొరికింది, అవమానమూ దొరికింది. దేవకుమారి గారు ఇంటికి మోసుకొచ్చింది రెండోదాన్నే.

"జాబ్ ఇచ్చాడు కదా?" అన్నారు ప్రేమానందం గారు.

"ఇచ్చాడు. నిలబెట్టి ఇచ్చాడు. మా నాన్నగారు ముష్టివాడిక్కూడా అరుగు చూపించి కూర్చోమనేవారండీ."

"కుర్చీలు ఖాళీగానే ఉన్నాయన్నావు. కూర్చోవలసింది."

"మీరైతే కూర్చునేవారా?"

ప్రేమానందం గారిది భీమవరం. నిజాయితీపరుడు. "లేదులే," అని ఒప్పుకున్నారు.

సోమవారం వెళ్లేసరికి అవమానానికి అనుబంధం సిద్ధంగా ఉంది. టిల్మన్ మిగతా గుమాస్తాలందరినీ లోపల టేబుళ్ల దగ్గర కూర్చోబెట్టి, ఆవిడ ఒక్కరినే రిజిస్ట్రేషన్ కౌంటరు దగ్గర పెట్టాడు. అది గుండెలెత్తు కౌంటరు. వెనక కుర్చీ లేదు. ఉన్నా అందులో కూర్చుంటే అవతలివాళ్లకి కొప్పు తప్ప ఏమీ కనిపించదు. అలా రెండేళ్లు. సెమిస్టరు మొదట్లోనైతే పొద్దున తొమ్మిది నుంచి ఐదు దాకా ఒకటే నిలుచోవడం. ఇంటికొచ్చి బకెట్టు వేణ్నీళ్లలో ఉప్పేసుకుని పాదాలు ముంచుకునేవారు.

పురాణాల్లో శపథాలు నిండుసభలో చేస్తారు. దేవకుమారి గారు బకెట్టులో పాదాలుంచి చేశారు.

"రాసిపెట్టుకోండి. ఈ మనిషి ఒకరోజు నా బల్ల ముందు నిలబడతాడు. నలభై మూడు నిమిషాలు. నేను కూర్చోమనను."

"సరే. ఇంకొంచెం వేణ్నీళ్లు పొయ్యనా?" అన్నారు ప్రేమానందం గారు.

ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి హాల్లో తెలుగు ఆరాధన జరిగేది. పరలోక ప్రార్థనలో మనకి అన్యాయం చేసినవాళ్లని క్షమించామని చెప్పుకునే చోటు ఒకటుంది కదా, అక్కడికి రాగానే దేవకుమారి గారి పెదవులు మూతపడేవి. ఆ వాక్యం దాటాక మళ్లీ అందరితో కలిసేవారు. పక్కనే నిలబడే స్నేహితురాలు మణి దీన్ని కొన్ని నెలలపాటు గమనించి, ఒకనాడు సమోసాల దగ్గర పట్టుకుంది.

"ఏంటొదినా, సరిగ్గా ఆ మాట దగ్గరే గొంతు పట్టేస్తోంది నీకు?"

"అబద్ధం చెప్పడం ఇష్టంలేక, మణీ. ఒక్క మనిషి మిగిలిపోయాడు."

"ఒక్కడేగా, వదిలెయ్యరాదూ?"

"ప్రభువుని ఎవరైనా కౌంటరు దగ్గర రెండేళ్లు నిలబెట్టారా?"

మణి సమోసా కొరికి, నమిలి, "అంతకంటే పెద్దదే చేశార్లే వదినా," అంది.

దేవకుమారి గారు చట్నీ వేసుకున్నారు.

పగకి చదువు తోడైతే మనిషి ఎంత దూరం పోగలడో ఆ తర్వాతి సంవత్సరాలు చెబుతాయి. కౌంటరు దగ్గర నిలబడుతూనే ఆవిడ సాయంత్రాలు కౌన్సెలింగ్‌లో మరో మాస్టర్స్ చేశారు. 1980లో విద్యార్థులకి సలహాలిచ్చే కౌన్సెలర్ అయ్యారు. 1983లో కాలేజీ ప్రెసిడెంటు సమానావకాశాలకీ విద్యార్థి సహాయానికీ కొత్తగా ఒక ఆఫీసు పెట్టి, దానికి ఆవిణ్ణి డైరెక్టర్ చేశాడు. ప్రభుత్వ సాయం తీసుకునే కాలేజీలు వికలాంగుల్ని, ఆడవాళ్లని, నల్లవాళ్లని, ఇంగ్లీషు అంతగా రానివాళ్లని గుమ్మం బయటే ఆపకూడదని చట్టాలు అప్పటికే ఉన్నాయి. వాటిని ఆ కాలేజీలో ఎవరూ చదవలేదు. దేవకుమారి గారు చదివారు. ఒక మనిషిని మనసులో పెట్టుకుని చదివితే ఫెడరల్ నిబంధనలు డిటెక్టివ్ నవలల్లా సాగిపోతాయి.

మొదటి మెమో రిజిస్ట్రార్ ఆఫీసుకే వెళ్లింది. "మీ కౌంటరు ఎత్తు నలభై నాలుగు అంగుళాలు. చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థికి అది గోడ. పది అంగుళాలు కోయించవలెను." రెండో మెమో: "విద్యార్థులు క్యూలో రెండేసి గంటలు నిలబడుతున్నారు. నంబర్లిచ్చి కూర్చోబెట్టవలెను. నూట ఇరవై కుర్చీలు." తర్వాత వరసగా ఫారాలు పెద్ద అక్షరాల్లో అచ్చు వెయ్యాలనీ, గుమ్మానికి ర్యాంపు కట్టాలనీ, పగలు పనిచేసేవాళ్ల కోసం ఆఫీసు రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచాలనీ, తాళం వేసేటప్పుడు రిజిస్ట్రార్ స్వయంగా ఉండాలనీ, చంటిపిల్లల తల్లుల్ని ముందు పిలవాలనీ, తొమ్మిదో మెమోలో గుమాస్తాలెవరూ రోజంతా నిలబడి పనిచెయ్యరాదనీ, పదోదాంట్లో హాల్లో మంచినీళ్ల కుళాయి కిందికి దించాలనీ. ఏడాదిన్నరలో పదిహేడు మెమోలు. అన్నిటికీ నకలు ప్రెసిడెంటుకి. చట్టవిరుద్ధమైన పని ఆవిడ ఒక్కటీ చెయ్యలేదు. చట్టప్రకారం ఒక మనిషిని ఎంత ఏడిపించవచ్చో అంతా ఏడిపించారు.

చిక్కల్లా ఏమిటంటే, టిల్మన్ ఏడవలేదు.

"గ్రేట్ ఐడియా, దేవా!" అనేవాడు ప్రతి మెమోకీ. కౌంటరు కొయ్యడానికి కార్పెంటర్లు నెల పడుతుందంటే, శనివారం తనే రంపం తెచ్చుకుని కోసేశాడు. ఎనిమిదింటి దాకా ఉండమంటే ఇంటి నుంచి సూప్ తెచ్చుకుని ఉన్నాడు. దెబ్బ తిన్నవాడు థాంక్స్ చెబితే కొట్టినవాళ్లు ఎక్కడికి పోవాలి? దేవకుమారి గారు ఇంకో మెమో రాసేవారు.

ఈలోగా కాలేజీ బాగుపడిపోయింది. ఒక కాలు వియత్నాంలో వదిలేసి వచ్చిన మాజీ సైనికుడు, మూడుసార్లు క్యూలోంచి వెనక్కి పోయినవాడు, నాలుగోసారి కూర్చుని పేరు రాయించుకున్నాడు. రేణు అనే అమ్మాయి ఎనిమిదో నెల కడుపుతో వచ్చి అకౌంటింగ్‌లో చేరి, బిడ్డని చంకనేసుకుని డిప్లొమా పుచ్చుకుంది. ఒక ఆస్పత్రి ఆయా నైట్ డ్యూటీ నుంచి సరాసరి వచ్చి, కుర్చీలో నిద్రపోయి తన నంబరు పోగొట్టుకుంటే, దేవకుమారి గారు దగ్గరుండి మళ్లీ పిలిపించారు. లోకల్ పేపరువాళ్లొచ్చి, ఇన్ని కుర్చీలు వేయించాలని మీకెలా తోచిందని అడిగారు.

"సమానత్వం," అన్నారు దేవకుమారి గారు. టిల్మన్ పేరు చెప్పలేదు.

ఆవిడ సొంత ఆఫీసులో ఇంకో నియమం కూడా ఉండేది. లోపలికొచ్చిన విద్యార్థిని రెండుసార్లు కూర్చోమనాలి. సిబ్బంది అలాగే అనేవారు. మొదటిసారి అనేసరికే విద్యార్థి కూర్చుని, బ్యాగు కిందపెట్టి, కాళ్లు చాపుకుని ఉండేవాడు. రెండోసారి ఎందుకంటున్నారో తెలియక సర్దుకుని మళ్లీ కూర్చునేవాడు. అయిదేళ్లపాటు రోజూ కళ్లెదుట జరిగిన ఈ దృశ్యంలోంచి దేవకుమారి గారు ఏ పాఠమూ నేర్చుకోలేదు. పగలో ఉన్న మనిషికి తీరిక ఉండదు.

1988లో ఆ రోజు దగ్గరకొచ్చింది. కాలేజీ ఆఫీసులు తగ్గించి, రిజిస్ట్రార్ విభాగాన్ని దేవకుమారి గారి కింద కలిపేశారు. టిల్మన్‌కి యాభై తొమ్మిదేళ్లు. అతన్ని ఏ పనిలో ఉంచాలో, ముందే రిటైరవమనాలో డైరెక్టర్ ఇంటర్వ్యూ చేసి తేల్చవలెనని ప్రెసిడెంటు రాశాడు. మార్చిలో ఒక సోమవారం, పొద్దున పది గంటలు.

దేవకుమారి గారు బేస్‌మెంట్‌లో పడి ఉన్న నారింజరంగు కుర్చీలు రెండు వెతికించి, తుడిపించి, తన బల్ల ముందు వేయించారు. తన తల వెనక గోడగడియారం పెట్టించారు. ఆదివారం చర్చి నుంచి రాగానే రిహార్సల్ పెట్టారు.

"మీరు టిల్మన్. బయటికెళ్లి తలుపు కొట్టి రండి."

ప్రేమానందం గారు బయటికెళ్లి, తలుపు కొట్టి, లోపలికొచ్చి, డైనింగ్ టేబుల్ ముందు నిలబడ్డారు. ఆవిడ కుర్చీలో కూర్చుని కాగితాలు తిప్పుతున్నారు. కూర్చోమనలేదు. ఆయన నిలబడే ఉన్నారు. టేబుల్ మీద కోడికూర చల్లారుతోంది.

"దేవీ, నలభై మూడూ చెయ్యాలా?" అన్నారు ఇరవయ్యో నిమిషంలో.

"మాట్లాడకండి. మీరు టిల్మన్."

"టిల్మన్‌కి ఆకలేస్తుందేమో కనుక్కో."

"ఆ రోజు నాకూ వేసింది."

నలభై మూడు నిమిషాలూ అయ్యాయి. ప్రేమానందం గారు ఒక్కసారైనా కుర్చీ వంక చూడలేదు. రిహార్సల్ దిగ్విజయం. అంతలో హైస్కూల్లో చదివే వాళ్లమ్మాయి ప్రేమజ్యోతి కోటు సోఫాలో పారేసి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, కూర వడ్డించుకుంది.

"నిన్నెవరే కూర్చోమంది?" అన్నారు దేవకుమారి గారు.

"ఎవరైనా చెప్పాలా, మమ్మీ?" అంది ప్రేమజ్యోతి, ముక్క కొరుకుతూ.

ఈ దేశంలో పెంపకం ఇలా తగలడిందని తల్లీ తండ్రీ నిట్టూర్చారు. టిల్మన్ కూడా ఈ దేశంలోనే పెరిగాడన్న విషయం ఆ టేబుల్ దగ్గర చర్చకి రాలేదు.

సోమవారం పదిగంటలకి తలుపు చప్పుడైంది. "కమిన్," అన్నారు దేవకుమారి గారు. పదేళ్లుగా దాచుకున్న మౌనాన్ని గొంతులో సర్దుకున్నారు.

తర్వాత మూడు సెకన్లలో మూడు సంఘటనలు జరిగాయి. టిల్మన్ కాఫీ కప్పుతో లోపలికొచ్చాడు. తనకంటే పెద్దవాడు గదిలోకి రావడంతో యేసుపాదం మాస్టారి కూతురి మోకాళ్లు, ఎవరినీ అడక్కుండా, లేచి నిలబడ్డాయి. టిల్మన్ నారింజరంగు కుర్చీని పాదంతో ఇవతలికి లాక్కుని కూర్చున్నాడు. ఒక కాలు ఎత్తి ఇంకో మోకాలిమీద వేసుకున్నాడు. బూటు అడుగు సరిగ్గా దేవకుమారి గారి వైపు తిరిగి ఉంది.

గడియారంలో పది దాటి ఒక నిమిషం. టిల్మన్ కూర్చుని ఉన్నాడు. దేవకుమారి గారు నిలబడి ఉన్నారు.

"మీకింకా నిలబడటమే ఇష్టమన్నమాట!" అన్నాడు టిల్మన్ ఆప్యాయంగా.

"ఏమన్నారు?"

"మొదటిరోజే కనిపెట్టాను దేవా. రెండు కుర్చీలున్నా మీరు కూర్చోలేదు. నడుంనొప్పేమో, అడిగితే బాగుండదని ఊరుకున్నా. అందుకేగా కౌంటర్ ఇచ్చింది. లోపల టేబుల్ దగ్గర పడేస్తే పాపం మీకు కష్టమవుతుందని. కావాలంటే చూడండి, మీ ఫైల్లో రాశాను కూడా."

సిబ్బంది ఫైళ్లన్నీ ఇప్పుడు ఆవిడ బీరువాలోనే ఉన్నాయి. దేవకుమారి గారు తన ఫైలు తీశారు. మొట్టమొదటి కాగితం, 1978 సెప్టెంబరు. మార్జిన్‌లో పెన్సిలుతో టిల్మన్ చేతిరాత. "నిలబడటమే ఇష్టం. కౌంటరుకి బాగా సరిపోతుంది."

రెండుసార్లు చదివారు. కాగితం తిప్పి వెనక కూడా చూశారు. వెనక ఏమీ లేదు.

ఇక్కడ దేవకుమారి గారి కళ్లు చెమర్చి, క్షమాపణతో గుండె నిండి ఉంటే మణి ఎంతో సంతోషించేది. అలా జరగలేదు. జరిగినదంతా ఆవిడకి శుభ్రంగా అర్థమైంది. అర్థమైనంత మాత్రాన రెండేళ్ల కాళ్లనొప్పి వెనక్కి పోదు. పైగా ఇన్నాళ్లూ ఒక దుర్మార్గుడి మీద పగబట్టానని అనుకుంటే, ఆ మనిషి దుర్మార్గుడు కూడా కాకపోయె. ఈ రెండో నేరం మొదటిదానికంటే ఘోరంగా తోచింది.

ఆవిడ కూర్చున్నారు. కళ్లజోడు పెట్టుకున్నారు.

"మిస్టర్ టిల్మన్, మీరు రిటైర్ అవనక్కర్లేదు. మీకు పని ఉంది."

"థాంక్స్ దేవా! ఏ పని?"

"కౌంటర్."

టిల్మన్ మోకాలి మీద కాలు కిందికి దిగింది. పదేళ్లలో మొదటిసారి అతను "గ్రేట్ ఐడియా" అనలేదు.

"రిజిస్ట్రేషన్ కౌంటరా? నేనా?"

"రెండేళ్లు. తొమ్మిది నుంచి ఐదు. వచ్చే మండే నుంచి వచ్చెయ్యండి." దేవకుమారి గారు లేవకుండానే చెయ్యి చాచారు.

సాయంత్రం ప్రేమానందం గారు గుమ్మంలోనే అడిగారు. "నిలబెట్టావా? నలభై మూడూ?"

"నిమిషాలా? రెండేళ్లు నిలబెట్టాను," అన్నారు దేవకుమారి గారు. బాత్రూంలో ఉన్న పాత బకెట్టుని ఒకసారి చూసుకుని, దాన్ని టిల్మన్‌కి పంపిస్తే ఎలా ఉంటుందా అని ఆలోచించారు. ఆ ఆదివారం పరలోక ప్రార్థనలో ఆ చోటు రాగానే హాలంతా వినిపించేలా చదివారు. మణి తలెత్తి చూసింది.

"అయిపోయిందా వదినా?"

"మొదలైంది, మణీ."

మర్నాడు సోమవారం తొమ్మిదిన్నరకి దేవకుమారి గారు, రెండంతస్తులు దిగి, పొడుగాటి వరండా నడిచి, రిజిస్ట్రేషన్ హాలుకి తన కళ్లతో చూసుకోవడానికి వెళ్లారు. నూట ఇరవై కుర్చీల్లో విద్యార్థులు నంబర్లు పట్టుకుని కూర్చుని ఉన్నారు. కోసిన కౌంటరు వెనక టిల్మన్ ఉన్నాడు. పక్కన సూప్ ఫ్లాస్కు ఉంది. మోకాలి మీద కాలు వేసుకుని, ఒక ముసలావిడకి ఫారం ఎలా నింపాలో చెబుతున్నాడు. దేవకుమారి గారిని చూసి చెయ్యి ఊపాడు.

అతను కూర్చున్నది చేతులూ దిండూ ఉన్న కుర్చీ. 1984లో, తొమ్మిదో మెమో ప్రకారం, దేవకుమారి గారే వేయించారు.